మచ్చు చూడని సరుకు: దుండిగల్ వైన్ షాపు

గుంటూరు యార్డులో మిరప కొనేవాడు కాయ విరిచి, గింజ రాల్చి, ముక్కు దగ్గర పెట్టుకొంటాడు. నిజామాబాదులో పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తారు. అనకాపల్లిలో బెల్లం దిమ్మ మూల గిల్లి నోట వేసుకొన్న తరువాతనే ధర మాట వస్తుంది. బియ్యం బస్తాకు సూది గుచ్చి నాలుగు గింజలు పంట కింద వేసి కొరుకుతారు. మచ్చు చూడకుండా బేరమాడిన వానిని మన బజారు వర్తకుడని అనదు. ఇంత పట్టుగల నియమం ఒక్క సరుకు దగ్గర మాత్రం తలకిందులైనది. ఆ సరుకు ఏటా వేల కోట్ల రూపాయల రొక్కం మీద నడుస్తున్నది. దానిని అమ్మేవాడు మచ్చు చూడడు, కొనేవాడు చూడలేడు. పెట్టె మీది పేరు చూచి ఇండెంటు పెట్టడం, సీసా మీది పేరు చూచి అమ్మడం, అంతే వ్యాపారం.

మేము చెప్పేది వైన్ షాపు సంగతి. ఉదాహరణకు దుండిగల్‌నే తీసుకొందాము.

దుండిగల్ అనగానే పాతవారికి విమాన దళ అకాడమీ గుర్తుకు వస్తుంది. 1967లో దానికి పునాది వేశారు, 1971 నుంచి పని చేస్తున్నది. ఇటీవలివారికి గండిమైసమ్మ చౌరస్తా, మెదక్ రోడ్డు, ఔటర్ రింగు రోడ్డు, ఇంజనీరింగు కాలేజీలు, గాగిల్లాపూర్ వైపు ఫ్యాక్టరీలు, బౌరంపేట, మల్లంపేటల కొత్త ఇళ్ళు గుర్తుకు వస్తాయి. ఇటువంటి ఊరిలో వైన్ షాపు గిరాకీ ఒక రకం కాదు. సాయంత్రం ఆరు గంటలకు షిఫ్టు దిగిన కూలీ క్వార్టరు అడుగుతాడు. ఎనిమిది గంటలకు కారులో వచ్చిన అపార్టుమెంటు వాసి ఫుల్ సీసా అడుగుతాడు, పక్కన ఉన్న భార్య కోసం వైన్ ఏమున్నదని కూడా అడుగుతాడు. ఆదివారం కుర్రవాళ్ళు చల్లని బీరు తప్ప మరొకటి ముట్టరు. ముగ్గురికీ సమాధానం చెప్పవలసినవాడు బల్ల వెనుక ఉన్న సేల్స్‌మాన్. అతనికి తెలిసినది ఎం.ఆర్.పి. మాత్రమే.

ఈ అజ్ఞానానికి సేల్స్‌మాన్‌ను తప్పు పట్టలేము. యజమాని ఆ కుర్చీలోకి ఎలా వచ్చాడో చూడవలసి ఉన్నది.

తెలంగాణలో చిల్లర దుకాణాలు 2,620. రెండేళ్ళ లైసెన్సు లాటరీ మీద ఇస్తారు. 2023లో దరఖాస్తు రుసుము 2 లక్షలు. 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చి, 2,600 కోట్ల రూపాయలకు మించి సర్కారుకు జమ అయినది. 2025లో రుసుమును 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేలకు తగ్గినవి. కాని రాబడి తగ్గలేదు, 2,850 కోట్లు దాటినది. ఈ సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఓడినవానికి తిరిగి రాదు. 2025 అక్టోబరు 27న డ్రా తీశారు, డిసెంబరు 1 నుంచి కొత్త దుకాణాలు తెరిచారు.

లెక్క వేసుకొనే అలవాటు గల పాఠకులు ఇది చూడండి. దుకాణానికి సగటున 36 దరఖాస్తులు పడినవి. అంటే ఒక్కొక్క దుకాణం మీద, ఇంకా ఒక్క సీసా అమ్మకముందే, వర్తకుల జేబులోనుంచి సగటున 1 కోటి 9 లక్షలు పోయినవి. ఇది లైసెన్సు ఫీజు కాదు సుమా, చీటీ వేసినందుకు ఇచ్చినది. మన బజారులో ఏ సరుకుకైనా ఇంత ప్రవేశ రుసుము ఉన్నదా? ఇంత పెట్టి చీటీ తగిలినవాడు సరుకు తెలిసినవాడే కానక్కరలేదు. భూములు అమ్మినవాడు కావచ్చు, కాంట్రాక్టరు కావచ్చు, పదిమంది కలిసి పది పేర్లతో దరఖాస్తు పెట్టి ఒకటి తగిలించుకొన్న జట్టు కావచ్చు. తగిలినవాడు దుకాణం పెట్టకుండా గుడ్‌విల్ తీసుకొని పాత సిండికేటుకు అప్పగించడం కూడా బజారుకు కొత్త వార్త కాదు.

లాటరీ ఊరికే రాలేదనే మాట నిజము. వెనుక వేలంపాట ఉండేది. వేలంలో సిండికేట్లు కలిసికట్టుగా వ్యవహరించి, ఎం.ఆర్.పి. మీద పది, ఇరవై వేసి వసూలు చేసిన రోజులున్నవి. 2011 చివర, 2012లో అవినీతి నిరోధక శాఖ దాడులు, ఆ రచ్చ తరువాత 2012 విధానంతోనే ఉమ్మడి రాష్ట్రంలో వేలం పోయి లాటరీ వచ్చినది. 2021 నుంచి తెలంగాణలో గౌడ కులస్థులకు 15 శాతం, షెడ్యూల్డు కులాలకు 10 శాతం, తెగలకు 5 శాతం దుకాణాలు రిజర్వు చేశారు. తరతరాలుగా కల్లు గీసి, రుచి ఎరిగిన కులానికి వాటా ఇవ్వడం న్యాయమే. తాటి కల్లు పొద్దున ఎలా ఉంటుంది, మధ్యాహ్నానికి ఎంత పులుస్తుంది, ఏ చెట్టు కల్లు ఎవరికి పడుతుంది అనే విషయం గౌడన్న నాలుకతో చెబుతాడు. ఆయన కొడుకు వైన్ షాపులో కూర్చున్నాక ఆ నాలుకకు పని లేకుండా పోయినది.

ఇప్పుడు రోజు లెక్కకు వద్దాము. జనాభా ప్రకారం ఆరు శ్రేణులలో ఏటా 50 లక్షల నుంచి 1 కోటి 10 లక్షల వరకు ఫీజు ఉన్నది. 55 లక్షల శ్రేణి తీసుకొంటే రోజుకు 15,068 రూపాయలు. ఉదయం పదికి తెరిచి రాత్రి పదికి మూసే దుకాణానికి గంటకు 1,255 రూపాయలన్న మాట. సీసా మీద 30 రూపాయలు మిగులుతున్నదనుకొంటే, రోజుకు 502 క్వార్టర్లు, అంటే 48 సీసాల పెట్టెలు పదిన్నర, ఒక్క ఫీజు కోసమే పోవాలి. అద్దె, జీతాలు, పర్మిట్ రూము రుసుము, కరెంటు, ఫ్రిజ్‌లు, పెట్టుబడి మీద వడ్డీ, చీటీలో పోయిన లక్షలు, ఇవన్నీ ఆ తరువాత. పైగా అమ్మకం ఫీజుకు పది రెట్లు దాటితే టర్నోవరు టాక్సు పడి మార్జిన్ కుదించుకుపోతుంది. కిరాణా వర్తకుడు ఎక్కువ అమ్మితే ముదరా పొందుతాడు. ఈ వర్తకుడు ఎక్కువ అమ్మితే కోత పొందుతాడు.

ధర తన చేతిలో లేదు. కొనే చోటు ఒక్కటే, కార్పొరేషన్ డిపో. 1986లో ఉమ్మడి రాష్ట్రంలో బెవరేజెస్ కార్పొరేషన్ ఏర్పడిన నాటి నుంచి టోకు వ్యాపారం సర్కారుదే. తెలంగాణకు వేరే కార్పొరేషన్ వచ్చినా పద్ధతి మారలేదు. కొనే ధర, అమ్మే ధర, తెరిచే వేళ, మూసే వేళ, దుకాణం కొలత, అన్నీ పైనుంచి నిర్ణయమైనవే. మరి వర్తకుని నేర్పు ఎక్కడ పనికి వస్తుంది? ఒకే ఒక్క చోట: ఏ సరుకు ఎన్ని పెట్టెలు తెప్పించాలి, వచ్చినవానికి దేనిని చూపించాలి అనే చోట. అది కూడా నాలుక లేకుండా చేస్తే మిగిలేది కాపలా ఉద్యోగమే.

2025 జనవరిలో ఈ సంగతి బజారుకు తెలిసి వచ్చినది. యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీ, 2019–20 నుంచి మూల ధర పెంచలేదనీ, బకాయిలు రాలేదనీ, జనవరి 8న తెలంగాణకు కింగ్‌ఫిషర్ బీరు సరఫరా నిలిపివేస్తున్నట్లు ప్రకటించినది. ఈ రాష్ట్రంలో బీరు అంటే చాలామందికి ఆ పేరే. జనవరి 20న సరఫరా తిరిగి మొదలైనది, ఫిబ్రవరిలో బీరు ధరలు 15 శాతం పెరిగినవి. అటువంటి రోజులలో బల్ల దగ్గరికి వచ్చినవాడు "అది లేకపోతే దానికి దగ్గరగా ఏమున్నది?" అని అడుగుతాడు. తేలికపాటి లాగరు తాగేవానికి 8 శాతం వరకు సారం ఉండే స్ట్రాంగు బీరు చేతిలో పెట్టడం సమాధానం కాదు. ఏ లాగరు తీపి తక్కువ, దేనిలో చేదు ఎక్కువ, దేనికి నురుగు నిలుస్తుంది అని చెప్పగలిగినవాడు ఆ పది, పన్నెండు రోజులలో కొత్త ఖాతాదారులను సంపాదిస్తాడు. చెప్పలేనివాడు "లేదు" అని ఊరుకొంటాడు.

రుచి చూడడమంటే తాగడం అని మనవారి అపోహ. దీని మీద కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది.

కలకత్తా, కొచ్చిన్, కూనూరులలో తేయాకు వేలానికి ముందు దలాలులు కూర్చొని రోజుకు వందల కప్పులు చూస్తారు. చెంచాతో జుర్రుమని పీల్చి, నోరంతా తిప్పి, ఉమ్మివేస్తారు. మింగితే వారి పని ఒక్క పూటలో ముగుస్తుంది. మద్యానికి కూడా అదే పద్ధతి. విస్కీ, బ్రాందీ, రమ్ములు మన దేశంలో సాధారణంగా 42.8 శాతం సారంతో వస్తాయి. ఆ ఘాటులో నాలుక మొద్దుబారిపోతుంది, ఏమీ తెలియదు. అందుకే సమానంగా నీళ్ళు కలిపి ఇరవై శాతం దరికి దించి వాసన చూస్తారు. విస్కీ కలిపే నిపుణులు చేసేది ఇదే. వాసన ముందు, రుచి తరువాత. తేలికనుంచి ఘాటుకు వెళ్ళాలి గాని ఘాటునుంచి తేలికకు రాకూడదు: ముందు బీరు, తరువాత వైన్, చివర విస్కీ, రమ్ము. ఉదయం పదకొండు గంటలు మంచి వేళ, కడుపు నిండక ముందు. పాన్, జర్దా వేసుకొన్న నోటితో చేసే పని కాదు. మూతి సన్నగా ఉన్న గ్లాసు మేలు, లేకపోతే చాయ్ గ్లాసుతో కూడా పని నడుస్తుంది. ఒక్కొక్కటి చెంచాడు చాలు. నోట్ పుస్తకంలో నాలుగు మాటలు రాసుకోవాలి. వారానికి ఆరు రకాల చొప్పున చూసినా ఏడాదిలో దుకాణంలోని సరుకంతా చేతికి వస్తుంది.

ఇలా చూసినవానికి కొన్ని సంగతులు తెలుస్తాయి. మన విస్కీలలో చాలా భాగం చెరకు మడ్డినుంచి గాని ధాన్యంనుంచి గాని తీసిన వాసన లేని సారానికి మాల్టు కొద్దిగా, రంగు, పరిమళం కలిపి చేసినవి. ఒకే శ్రేణిలో ఉన్న రెండింటికి ధరలో తేడా ఉన్నంతగా రుచిలో తేడా ఉండకపోవచ్చు. ఈ సంగతి తెలిసిన దుకాణదారు తక్కువ ధర సీసాను ధైర్యంగా చూపిస్తాడు, తెలియనివాడు ప్రకటన ఎక్కువ ఉన్నదానిని తెప్పించి నిలవ పెట్టుకొంటాడు. బీరు సంగతి వేరు. అది పచ్చి సరుకు, ఆరు నెలలలో దాని కథ ముగుస్తుంది. ఎండ తగిలితే కంపు కొడుతుంది, అందుకే ముదురు రంగు సీసాలు. మే నెలలో రేకుల షెడ్డులో పేర్చిన పెట్టెలు చూచినప్పుడు మాకు గొల్లుమనాలనిపిస్తుంది. కూరగాయల వర్తకుడు కూడా గోనె తడిపి కప్పుతాడు కదా.

ఇక వైన్. దుకాణం పేరే వైన్ షాపు, దానిలో అతి తక్కువ అమ్ముడుపోయేది వైన్. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసిన సరుకు అడుగు అరలో మూల దుమ్ము పట్టి నిలబడి ఉంటుంది. నిలబెట్టడమే తప్పు. బెండు బిరడా సీసాను పడుకోబెట్టాలి, లేకపోతే బిరడా ఎండి గాలి చొరబడి వైన్ పులిసిపోతుంది. నలభై డిగ్రీల వేడిలో రెండు వేసవులు గడిచిన సీసాను అపార్టుమెంటు దంపతులకు పన్నెండు వందలకు అమ్మితే వారు మళ్ళీ రారు. తప్పు వైన్‌ది అనుకొంటారు.

ఇందులో మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు రైతు నవ్వుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. 1970, 80 దశకాలలో హైదరాబాదు చుట్టూ ద్రాక్ష పందిళ్ళే. అనాబెషాహి ఇక్కడి పంట. పంతొమ్మిదవ శతాబ్ది చివర అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చి నాటిన తీగ అది. మొజంజాహీ మార్కెట్ వర్తకులకు బాగా తెలిసిన సరుకు. తరువాత కూలి ఖర్చు పెరిగినది, బోర్లు ఎండినవి, తెగుళ్ళు వచ్చినవి, అన్నిటికంటే ముఖ్యంగా ఎకరం ధర పందిరి ఆదాయాన్ని ఎగతాళి చేసే స్థాయికి పోయినది. పందిళ్ళు పోయి లేఅవుట్లు వచ్చినవి. అనాబెషాహి తినే పండే గాని వైన్ పండు కాదనే మాట నిజమే. కాని నాసిక్‌లో కూడా మొదట తినే పండే పండించేవారు. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ప్రాసెసింగు విధానం తెచ్చి వైన్‌కు సుంకం మినహాయింపు ఇచ్చిన తరువాత అక్కడి రైతు తీగ మార్చుకొన్నాడు. ద్రాక్ష నేల మీద నిలబడిన దుండిగల్ వైన్ షాపుకు నేడు వైన్ నాసిక్‌నుంచి వస్తున్నది.

సరుకు తెలియనివాడు అమ్మితే ఏమవుతుందో పొరుగు రాష్ట్రం చూపించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ఐదేళ్ళు సర్కారే దుకాణాలు నడిపినది. అమ్మేది జీతగాడు. పేరెరుగని బ్రాండ్లు అరలు నింపినవి, కొనేవాడు గొణిగినా వినేవాడు లేడు. 2024 అక్టోబరు 16 నుంచి 3,396 దుకాణాలు మళ్ళీ ప్రైవేటు చేతికి వచ్చినవి. అక్కడ కూడా లాటరీయే, అక్కడ కూడా రెండు లక్షల చీటీయే. యజమాని మారినాడు, నాలుక మారలేదు.

దుండిగల్ వర్తకునికి ఇంకొక లెక్క ముందున్నది. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం వద్దన్నప్పుడు రోడ్డు పక్క దుకాణాల విలువ ఒక్క రోజులో పడిపోయినది. 2017 జూలైలో పురపాలక పరిధికి ఆ తీర్పు వర్తించదని స్పష్టం చేశాక మళ్ళీ లేచినది. దుండిగల్ 2018లో పురపాలకం అయినది. 2025 డిసెంబరులో చుట్టూ ఉన్న 26 పట్టణాలతో పాటు హైదరాబాదు నగర పాలక సంస్థలో కలిసినది. ఫీజు జనాభా శ్రేణిని బట్టి కాబట్టి, 2027లో కొత్త లైసెన్సులు పిలిచేనాటికి గండిమైసమ్మ దుకాణాన్ని బంజారా హిల్స్ దుకాణంతో ఒకే గాటన కట్టే అవకాశం ఉన్నది. 1 కోటి 10 లక్షలు అయితే రోజుకు 30,137 రూపాయలు. షిఫ్టు దిగిన కూలీ క్వార్టర్ల మీద ఆ ఫీజు పుట్టదు. పుట్టించాలంటే ఎం.ఆర్.పి. దాటాలి, లేదా బెల్టు షాపులకు తోలాలి. ఈ రెండింటి సంగతి బజారుకు చెప్పనక్కరలేదు.

ఎక్కువ తాగించమని మేము చెప్పడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు సారా దుకాణం మూయించిన తరువాత 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చినవి. ఆ నిషేధం 1997 దాకా నడిచినది. దుకాణం మీద ఊరికి ఓర్పు నశిస్తే లైసెన్సు కాగితం ఏపాటిదో పాత వర్తకులకు గుర్తు. సరుకు తెలిసినవాడు ఒక్క మంచి సీసా అమ్మి పంపుతాడు. తెలియనివాడు మూడు అమ్మితే గాని ఫీజు గట్టెక్కడు.

కాబట్టి వర్తక సంఘాలు సర్కారును అడగవలసినది మార్జిన్ రెండు శాతం పెంచమని మాత్రమే కాదు. దుకాణంలో సీలు విప్పిన సీసా ఉంటే కల్తీ కేసు అనే భయం ఉన్నది. ఆ భయం న్యాయమే గనుక దుకాణంలో మచ్చు వద్దు. డిపోలోనే నెలకు ఒక ఉదయం, లైసెన్సుదారులకు, వారి సేల్స్‌మాన్లకు మచ్చు బల్ల పెట్టాలి. కొత్త బ్రాండు వచ్చినప్పుడు ఆ ఖర్చు కంపెనీ భరించాలి, రిజిస్టరులో సీసా నంబరు రాయాలి, ఉమ్మడానికి తొట్టి పెట్టాలి, ఆబ్కారీ అధికారి ఎదుటనే జరగాలి. మచ్చు చూడని కొత్త బ్రాండును ఏ దుకాణం మీదా పది పెట్టెలు బలవంతంగా రుద్దరాదు. దరఖాస్తు రుసుములో సగమైనా ఓడినవారికి తిరిగి ఇవ్వాలి. బీరు, వైన్ నిలవకు చల్లని గది ఉన్న దుకాణానికి ఫీజులో కొంత తగ్గింపు చూపాలి. 2027 విధానం రాయకముందే ఈ మాటలు సంఘాల తరఫున కాగితం మీద చేరాలి. డ్రా తేదీ ప్రకటించిన తరువాత వెళితే, ఎప్పటి మాదిరిగానే అధికారులు దరఖాస్తు ఫారం చేతికిచ్చి పంపుతారు.